అతుకు పక్కన పుట్టే పగులు

ఆషాఢం. లాల్‌దర్వాజ బోనాలకు ఇంకా పది రోజులుంది. చాంద్రాయణగుట్టకు వెళ్లే దారిలో రోడ్డును ఆనుకుని ఒక ఇరుకు షెడ్డు. బోర్డు మీద తెలుగులోనూ ఉర్దూలోనూ ఒకటే మాట: ఆర్గాన్ వెల్డింగ్ చేయబడును. స్కూటర్ ఇంజన్ కవరు చేతిలో పట్టుకుని నేను రెండోవాడిగా నిలబడ్డాను. నా ముందున్నతను గౌలిపురా నుంచి వచ్చాడు, లైటింగ్ డెకరేషన్ పని. ట్రాలీ ఆటోలోంచి పదమూడు మెట్ల అల్యూమినియం నిచ్చెన దింపి గోడకు ఆనించాడు.

"ఉస్తాద్, పొద్దుగూకే లోపల గావాలె. బోనాలు ముందర వెట్టుకొని నిచ్చెన లేకుంటే నాకెట్ల?"

ఉస్తాద్ నిచ్చెనను పడుకోబెట్టాడు. కింది నుంచి రెండో మెట్టు దగ్గర గొంతుకూర్చుని, అతుకు మీద బొటనవేలు పెట్టి మెల్లగా పక్కకు జరిపాడు. వేలు ఒకచోట ఆగింది. అక్కడ వెంట్రుకంత నల్లని గీత. అతుకు ఎక్కడ అయిపోయి నిలువు కమ్మీ ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా ఆ సరిహద్దున ఉంది.

"జోడ్ నక్కో దేఖో అన్నా," అన్నాడు. "అతుకు మంచిగనే ఉంది. దాని బాజూకు పోయింది."

ఆ నలుపు మురికి కాదు. పగులు రెండు అంచులూ ఒకదానితో ఒకటి రాసుకుంటే అల్యూమినియం నుంచి సన్నని పొడి రాలుతుంది, అది నల్లగా ఉంటుంది. అంటే ఈ పగులు నిన్న పుట్టింది కాదు. ఎన్నో నెలలుగా నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నది.

నిచ్చెన పూర్వాపరాలు అతనే చెప్పాడు. కొన్నప్పుడు మెట్లకు వెల్డింగ్ లేదు. గొట్టం కొసను కమ్మీలోకి దూర్చి నొక్కి బిగించారు. రెండేళ్లు వాడాక ఆ రెండో మెట్టు వదులై గిరగిరా తిరగడం మొదలైంది. కిందటి దసరా ముందు ఇంకెక్కడో వెల్డింగ్ పెట్టించాడు. మెట్టు కదలడం ఆగింది. ఏడాది తిరక్కుండా కమ్మీ చీలింది. "మంచిగ జేయించిననే, అయినా గిట్లెందుకైంది?" అని అతని బాధ. ఈ అధ్యాయం అంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందుగా మనం బలం అనుకునేది ఏమిటో చూడాలి. ఇళ్లు కట్టేచోట కడ్డీలకు చుట్టే బైండింగ్ వైరు ముక్క తీసుకుని లాగి తెంపమంటే ఎవరివల్లా కాదు. అదే వైరును ఒకేచోట అటూ ఇటూ పదేపదే వంచితే చిన్నపిల్లవాడు కూడా విరగ్గొడతాడు. ఒకేసారి ఎంత బరువు మోయగలదన్నది ఒక లెక్క. ఆ బరువు పడుతూ లేస్తూ ఉంటే ఎన్నిసార్లు ఓర్చుకోగలదన్నది వేరే లెక్క. ఈ రెండో లెక్కలో లోహం ఓడిపోవడాన్నే ఇంజనీర్లు అలసట అంటారు. పాఠ్యపుస్తకాలు శ్రాంతి అంటాయి గాని, నాకు అలసటే నచ్చుతుంది. ఒక్క తేడా ఉంది. మనిషి అలసిపోతే పడుకుని లేస్తే సరిపోతుంది. లోహం ఎంత విశ్రాంతి ఇచ్చినా కోలుకోదు, పడిన ప్రతి బరువూ లెక్కలోకి వెళ్లిపోతుంది.

ఈ సంగతి లోకానికి రైళ్లు నేర్పాయి. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు తిరిగొస్తున్న రైలింజన్ ఇరుసు విరిగి, పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తగలబడి ఎంతోమంది చనిపోయారు. చూడటానికి ఏ లోపమూ లేని ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయని తర్వాత ప్రష్యా రైల్వేలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించాడు. ఎంత బరువుకు ఎన్ని తిప్పుల్లో విరుగుతుందో గీత గీశాడు. ఉక్కు విషయంలో ఆ గీత కిందికి దిగి దిగి ఒకచోట చదునవుతుంది. ఆ గడపకు తక్కువ బరువైతే కోట్లసార్లు పడినా ఉక్కు చెక్కుచెదరదు. అల్యూమినియానికి అలాంటి గడప స్పష్టంగా కనబడదు. గీత దిగుతూనే ఉంటుంది. ఎంత తక్కువ బరువు పెట్టినా, సరిపడినన్ని సార్లు పెడితే ఏదో ఒక రోజు విరుగుతుంది. అందుకే విమానం రెక్కకు ఆయుష్షు రాసిపెడతారు.

మన నిచ్చెనకు ఆ లెక్క వేద్దాం. రోజుకు నలభైసార్లు ఎక్కి దిగితే ఆ రెండో మెట్టు మీద ఎనభైసార్లు బరువు పడి లేస్తుంది. పెళ్లిళ్లు, రంజాన్, వినాయక చవితి, బోనాలు అన్నీ కలిపి ఏడాదికి రెండు వందల రోజుల పని అనుకుంటే పదహారు వేల సార్లు. పై మెట్లకు ఇంత రాదు, ఎందుకంటే ప్రతిసారీ పైదాకా ఎక్కరు. కింది మెట్టు మాత్రం ఎవరు ఎంత ఎక్కినా తప్పించుకోలేదు.

---

ఉస్తాద్ నిచ్చెనను పక్కన పెట్టి ముందు నా కవరు అందుకున్నాడు. స్టీలు బ్రష్షుతో మాటు పెట్టాల్సిన చోటును రుద్దడం మొదలుపెట్టాడు. మామూలు ఇనుప పనికి అంత రుద్దరు. అల్యూమినియానికి రుద్దకపోతే అతకదని అతనికి తెలుసు.

గాలి తగలగానే అల్యూమినియం మీద ఒక ఆక్సైడు పొర కడుతుంది. కంటికి ఆనదు, అయినా గట్టిది. లోపలి లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది, పైపొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. పాలు పొంగుతున్నా మీగడ విరగనట్టు, లోహం కరిగి నీరైనా పొర విడవదు. ఆర్గాన్ వెల్డింగులో కరెంటును అటూ ఇటూ మార్చే ఏసీ పెట్టుకునేది అందుకే. కరెంటు ఒక దిక్కున నడిచేటప్పుడు పొర చెదిరిపోతుంది, రెండో దిక్కున లోహం కరుగుతుంది. ఆర్గాన్ వాయువు చుట్టూ పరదాలా నిలబడి కొత్త గాలిని రానివ్వదు.

ఇంకో తలనొప్పి తేమ. కరిగిన అల్యూమినియం హైడ్రోజన్‌ను గటగటా తాగేస్తుంది. గడ్డకట్టేటప్పుడు అందులో సుమారు ఇరవయ్యో వంతు మాత్రమే ఉంచుకోగలదు. మిగిలింది బయటికి పోవాలి. పోలేకపోతే ఇడ్లీలో ఉన్నట్టు అతుకు నిండా బుడగలు. ఆషాఢంలో చినుకు పడి చెమ్మగిల్లిన ఫిల్లర్ రాడ్డు, నూనె అంటిన ముక్క, ఏదైనా చాలు ఆ హైడ్రోజన్ రావడానికి. ఒక్కో బుడగ ఒక్కో పగులుకు పుట్టిల్లు.

అయితే నిచ్చెన విరిగింది బుడగల వల్ల కాదు. దానికి రెండు పెద్ద కారణాలు ఉన్నాయి, మొదటిది అర్థం కావాలంటే గిన్నెల సంగతి మాట్లాడుకోవాలి.

అల్యూమినియాన్ని మన ఇళ్లలో అల్యూమినియం అన్నవాళ్లు తక్కువ. కోస్తాలో సత్తు గిన్నె అన్నారు, సీవెండి అన్నారు. తెలంగాణలో సిల్వర్ గిన్నె. బేగంబజారులో బిర్యానీ దేగ్‌లు అమ్మేచోట కూడా సిల్వర్ అంటేనే చప్పున అర్థమవుతుంది. వెండి కాదని అందరికీ తెలుసు, అయినా పేరులో వెండి పెట్టి గౌరవించారు. ఆ గిన్నెల లోహం దాదాపు శుద్ధమైన అల్యూమినియం, మెత్తనిది. నిచ్చెనది అలా కాదు. అందులో కొంచెం మెగ్నీషియం, కొంచెం సిలికాన్ కలుస్తాయి. వేడిచేసి, చప్పున చల్లార్చి, తర్వాత నూట అరవై, నూట ఎనభై డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. ఆవకాయ ఊరినట్టు లోహం ఊరుతుంది. లోపల మెగ్నీషియం, సిలికాన్ కలిసి కంటికి కనబడని రేణువులుగా అంతటా సమంగా విడివడతాయి. లోహం పొరలు జారకుండా అడ్డుపడేది ఈ రేణువులే. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విల్మ్ 1906లో ఇలాంటి మిశ్రమం ఒకటి ఊరికే పక్కన పెట్టి, రెండు రోజులకు చూస్తే గట్టిపడి ఉందని గమనించడంతో ఈ విద్య మొదలైంది. విమానాలు ఎగిరింది ఈ ఊరిన లోహంతోనే.

ఊరినదాన్ని మళ్లీ పొయ్యి మీద పెడితే? వెల్డింగ్ చేసినచోట లోహం కరుగుతుంది. దాని పక్కన అంగుళం మేర కరగదు గాని మూడు నాలుగు వందల డిగ్రీలకు ఉడుకుతుంది. సమంగా పరుచుకున్న సన్నని రేణువులు కొన్ని కరిగిపోతాయి, కొన్ని ఉప్మా ఉండకట్టినట్టు ఒకచోట చేరి లావవుతాయి. మధ్యలో ఖాళీలు. 6061-టీ6 అనే రకం 276 మెగాపాస్కల్ దాకా వంగకుండా ఆగుతుంది. వెల్డింగ్ పక్కన అది సగానికి దగ్గరగా పడిపోతుంది. మెగాపాస్కల్ అంటే కంగారు వద్దు, చదరపు మిల్లీమీటరుకు వంద గ్రాముల బరువు అనుకుంటే చాలు.

దేగ్ కడియం వెల్డింగ్ చేయించినా ఏళ్ల తరబడి ఉంటుంది, ఎందుకంటే మెత్తని లోహానికి పోగొట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నిచ్చెన బలం అంతా ఊరబెట్టి తెచ్చుకున్నది. అది వేడికి పోయింది.

---

రెండో కారణం ఇంకా పెద్దది, అది ఆకారం. అతుకు మీద లోహం ఉబ్బి ఉంటుంది, పక్కన కమ్మీ చదును. ఉబ్బు చదునును కలిసేచోట ఒక మడత. మెట్టు మీద కాలు పడిన ప్రతిసారీ కమ్మీలో పారే ఒత్తిడి ఆ మడత దగ్గర వంపు తిరగాలి. మూసీ మలుపులో నీరు ఒరుసుకుపోయినట్టు ఒత్తిడి అక్కడ గుమిగూడుతుంది. దానికి తోడు చల్లారేటప్పుడు అతుకు ముడుచుకుపోయి పక్క లోహాన్ని లాగిపట్టి ఉంచుతుంది. ఎవరూ ఎక్కకముందే ఆ మడత లాగబడి ఉంది.

వెల్డింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఇలాంటి అతుకులకు అంకెలు కట్టి పెట్టింది. ఇరవై లక్షల సార్లు పడి లేచినా తట్టుకోవాలంటే ఒత్తిడి ఎంతకు మించకూడదు అన్నదే ఆ అంకె. పలకకు అడ్డంగా పట్టీ పెట్టి అంచున వెల్డింగ్ చేస్తే ఉక్కుకు అది 80 మెగాపాస్కల్. అల్యూమినియానికి 28. ఒక్కసారి లాగితే 310 దగ్గర తెగే లోహం, అతుకు పెట్టి ఇరవై లక్షల సార్లు కదిపితే 28కే లొంగిపోతుంది. పదో వంతు కూడా లేదు.

ఈ అంకెల్లో నన్ను బాగా ఆశ్చర్యపెట్టింది ఇంకొకటి. ఇంకా బలమైన మిశ్రమం తెచ్చి వెల్డింగ్ చేస్తే 28 కాస్తా 40 అవుతుందా? కాదు. దాదాపు 28గానే ఉంటుంది. అతుకు మడతలో సన్నని లోపాలు ముందే ఉన్నాయి. పగులు పుట్టడానికి సమయం పట్టదు, పెరగడానికే పడుతుంది. పెరగడాన్ని నిర్ణయించేది మిశ్రమం బలం కాదు, ఆ లోహం ఎంత సాగకుండా బిగుసుకుని ఉంటుందన్న గుణం. అల్యూమినియంది ఉక్కులో మూడో వంతు. 80, 28 అంకెల మధ్య దూరం కూడా దాదాపు అంతే. ఖరీదైన మిశ్రమం కొని మామూలుగా వెల్డింగ్ చేసేవాడు డబ్బు పారబోసినట్టే.

మరో లెక్క. వెల్డింగులో ఒత్తిడి రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతవుతుంది. 80 కిలోల మనిషి 20 కిలోల సీరియల్ లైట్ల మూట భుజాన వేసుకుని ఎక్కాడనుకోండి. బరువు పెరిగింది నాలుగో వంతే, నిచ్చెన ఆయుష్షు మాత్రం సగమైపోయింది.

నా కవరు మాటు అయిపోయింది. ఉస్తాద్ చిన్న గ్రైండరు తీసి అతుకు అంచుల మీద అంటీ అంటనట్టు నడిపాడు. నునుపు కోసమేమో అనుకున్నాను. కాదు, ఆ అంతర్జాతీయ సంఘం నియమావళిలో దీనికీ అంకె ఉంది. అంచు మడతను నునుపుగా గ్రైండ్ చేస్తే 28 కాస్తా 36 అవుతుంది. చూడటానికి చిన్న పెరుగుదల. రెట్టింపుకు ఎనిమిదో వంతు అన్న ఆ మూడో ఘాతం లెక్కలో వేస్తే ఆయుష్షు రెట్టింపుకు పైమాటే. తర్వాత గుండ్రటి తల సుత్తితో అదే అంచు వెంట టకటకా చిన్న దెబ్బలు వేశాడు. ఆ దెబ్బలు పైపొరను లోపలికి నొక్కి ఉంచుతాయి. నొక్కి ఉన్నచోట పగులు నోరు తెరవలేదు. ఎందుకు కొడతారని అడిగాను.

"మా ఉస్తాద్ కొట్టేటోడు," అన్నాడు.

---

ఆ షెడ్డు నుంచి కంచన్‌బాగ్ ఎంతో దూరం లేదు. ఫిసల్‌బండ మీదుగా డీఎంఆర్‌ఎల్ చౌరస్తా చేరితే, బస్సులో సగం మంది ఆ పేరును ఒక స్టాపుగా మాత్రమే ఎరుగుదురు. డీఎంఆర్‌ఎల్ అంటే రక్షణ లోహ పరిశోధనాలయం, 1963లో ఏర్పడింది. దాని పొరుగునే 1973లో మొదలైన మిశ్ర ధాతు నిగమ్, అందరి నోటా మిధాని. అర్జున్ ట్యాంకు కవచానికి కంచన్ అని పేరొచ్చింది ఈ కంచన్‌బాగ్ వల్లే. పాతబస్తీ అంటే ముత్యాలు, గాజులు, బిర్యానీ అని రాసే పత్రికలు ఈ గోడల వెనక నలభై యాభై ఏళ్లుగా లోహాలను సాగదీస్తూ, కదుపుతూ, విరగ్గొడుతూ కూర్చున్న మనుషుల గురించి ఎందుకు రాయవో నాకు అర్థం కాదు. లోహాల యాంత్రిక ప్రవర్తన మీద పేరుపొందిన పల్లె రామారావు 1980లలో ఆ ప్రయోగశాలకు సంచాలకులు. తర్వాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు.

అక్కడ ఏళ్లుగా పరిశోధించిన లోహాల్లో ఒకటి అల్యూమినియం, లిథియం మిశ్రమం. లిథియం నూటికి ఒక పాలు కలిపితే లోహం సాంద్రత మూడు శాతం తగ్గి, బిగువు ఆరు శాతం పెరుగుతుంది. బరువు తగ్గి బిగువు పెరగడం లోహాల్లో అరుదు. పైన చెప్పిన పగులు పెరుగుదల లెక్కలో బిగువు పెరగడం మనకు లాభమే. కాకపోతే లిథియం మహా చురుకు. వెల్డింగులో గాలిని, తేమను ఇట్టే పట్టుకుంటుంది, బుడగల బెడద పెరుగుతుంది.

మిధాని ప్రత్యేకతల్లో టైటానియం ఒకటి. ఉక్కు కంటే చాలా తేలిక, అల్యూమినియం కంటే బరువు, వేడికి ఓర్చుకుంటుంది. ఇస్రో రాకెట్లలో, ఉపగ్రహాల్లో అధిక పీడన వాయువు నింపే గుండ్రటి సీసాలు టైటానియం మిశ్రమంతో అర్ధగోళాలు చేసి అతికినవే. టైటానియం వెల్డింగ్ బాగుందో లేదో చెప్పడానికి తొలి గుర్తు రంగు. వెండిలా మెరుస్తుంటే మంచిది. గడ్డి రంగుకు తిరిగితే కొంచెం గాలి సోకిందని. నీలం వస్తే అనుమానించాలి. బూడిదలా తెల్లబారిందా, గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ లోపలికి దూరి లోహం పెళుసైపోయింది, కోసి పారేయాల్సిందే. అందుకే గాలి లేని గదిలో ఎలక్ట్రాన్ పుంజంతో అతకడం దీనికి బాగా నప్పింది. అతుకు సన్నగా, లోతుగా పడుతుంది, పక్కన ఉడికే భాగం కొంచెమే.

అల్యూమినియానికి మాత్రం అసలు కరిగించకుండానే అతికే పద్ధతి 1991లో ఇంగ్లండులోని వెల్డింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. రెండు పలకలను పక్కపక్కన బిగించి, మధ్య గీత మీద గిరగిర తిరిగే ఉక్కు మేకును దించి ముందుకు నడుపుతారు. రాపిడికి లోహం మెత్తబడి, కవ్వంతో చిలికినట్టు కలిసిపోతుంది. కరగలేదు కనక బుడగల్లేవు, ఉబ్బు లేదు, మడత దాదాపు లేదు. అలసట పరీక్షల్లో మామూలు వెల్డింగ్ కంటే ఇది చాలా ముందుంటుంది. పేదవాడి నిచ్చెనకు మాత్రం ఇంకా అందలేదు.

---

చార్మినార్ పక్కన లాడ్ బజారులో పూర్తిగా వేరే అతుకు. లాడ్ అంటే లక్క అనే చెబుతారు అక్కడివాళ్లు. కొలిమి మీద లక్కను కరిగించి కడియంలా చుట్టి, చల్లారేలోపు రాళ్లు, అద్దపు ముక్కలు ఒక్కొక్కటే పొదుగుతారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పురుగులు చెట్టు కొమ్మల మీద కక్కిన జిగురు రాయినీ లోహాన్నీ పట్టుకుని పెళ్లిళ్లలో ఊగుతుంటే, జిగురు నమ్మదగ్గది కాదన్న మాట నేను ఒప్పుకోను. కాకపోతే లక్క వేడికి మెత్తబడుతుంది. విమానం అతికేవాడికి ఒకసారి గట్టిపడితే మళ్లీ మెత్తబడని జిగురు కావాలి.

ఆ జిగురును ఇంగ్లండులో డక్స్‌ఫర్డ్ దగ్గర నార్మన్ డి బ్రౌన్ తన సంస్థలో తయారుచేశాడు. 1941 నాటి దాని పేరు రీడక్స్. అల్యూమినియం పలకలను విమానాల్లో నమ్మకంగా అతికిన మొదటి జిగురు అదే. మన ఇళ్లలో బకెట్ చెవి విరిగితే రెండు గొట్టాల్లోంచి పిండి కలిపే అరాల్డైట్ కూడా ఆ సంస్థతోనే ముడిపడి ఉంది.

జిగురు అలసటను ఎందుకు మోస్తుందంటే, అది చేయని పనుల వల్ల. వేడి పెట్టదు, ఊరిన లోహం ఊరినట్టే ఉంటుంది. రివెట్టుకు లాగా రంధ్రం అడగదు. రంధ్రం ఉంటే దాని అంచున ఒత్తిడి మూడింతలు గుమిగూడుతుంది. జిగురు మెత్తన, కాస్త సాగి బరువును వైశాల్యమంతా పంచుతుంది.

పంచుతుంది గాని సమంగా కాదు. 1938లో జర్మనీలో ఫోల్కర్‌సెన్ లెక్క కట్టి చూపించాడు: రెండు పలకలు ఒకదాని మీద ఒకటి అతికి లాగితే బరువంతా రెండు కొసల దగ్గరే పడుతుంది, నడుమ జిగురు హాయిగా కూర్చుంటుంది. ఒకచోట దాటాక అతుకును ఎంత పొడిగించినా లాభం లేదు. పైగా లాగినప్పుడు పలకలు కొద్దిగా వంగి కొసలు పైకి లేస్తాయి. గోడ మీది సినిమా పోస్టరును అడ్డంగా లాగి చూడండి, రాదు. మూల కొంచెం గోటితో ఎత్తి లాగండి, హీరో మొహం సగం చేతికొస్తుంది. వెల్డింగులో మడత ఎలాగో, జిగురుకు ఆ మూల అలాగ. అందుకే అంచులను పలచగా చెక్కి దిద్దుతారు, ఉబికిన జిగురును అక్కడే వంపుగా వదిలేస్తారు.

రీడక్స్ వాడిన విమానాల్లో డి హావిలాండ్ వారి కామెట్ ఒకటి, మొదటి జెట్ ప్రయాణికుల విమానం. 1954 జనవరి 10న ఒకటి ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్ 8న మరొకటి ఇటలీ దక్షిణాన ఆకాశంలోనే ముక్కలయ్యాయి. మొదటిది 1,290 సార్లు, రెండోది 900 సార్లు మాత్రమే గాలి నింపుకుని ఎగిరాయి. ఫార్న్‌బరోలో ఇంకో కామెట్‌ను ఒక పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, నీటితో నింపుతూ తీస్తూ పరీక్షించారు. ఎగిరినవీ పరీక్షలోవీ కలిపి 3,057 విడతలకు బాడీ చిరిగిపోయింది. ఎల్బా శిథిలాల్లో పగులు మొదలైంది పైకప్పులోని ఏరియల్ కిటికీ మూల, ఒక రివెట్ రంధ్రం దగ్గర. జిగురు తప్పు కాదు. రంధ్రం పని చేసింది.

జిగురు తప్పిన కథ హవాయిలో జరిగింది. 1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 737 హీలో నుంచి హోనలూలూ వెళ్తుండగా 24,000 అడుగుల ఎత్తున ముందు భాగం పైకప్పు ఎగిరిపోయింది. ఒక విమాన సహాయకురాలు గాలిలోకి కొట్టుకుపోయింది. మిగతా వాళ్లు తల మీద ఆకాశంతో కిందికి దిగారు. ఆ విమానానికి 19 ఏళ్లు. దీవుల మధ్య కొద్ది నిమిషాల ప్రయాణాలే కాబట్టి 89,680 సార్లు ఎగిరి దిగింది, ప్రతిసారీ బాడీ బెలూనులా ఉబ్బి తగ్గింది. ఆ కాలం 737ల్లో పలకలను చల్లగా అతికే జిగురు పట్టీతో కలిపి, పైన రివెట్లు కొట్టేవారు. జిగురు పట్టీని ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు నీళ్ల సీసాకు పట్టినట్టు చెమ్మ పట్టేది. కొన్నిచోట్ల అసలే అంటుకోలేదు. సముద్రపు ఉప్పు గాలి లోపలికి దూరింది, తుప్పు పట్టింది, జిగురు విడిపోయింది. అప్పటిదాకా జిగురు మోసిన బరువంతా రివెట్ల మీద పడింది. రివెట్ తల లోపలికి కూర్చోవడానికి చెక్కిన రంధ్రం అంచు కత్తి వాదరలా ఉంది. ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో పగులు పుట్టి, పక్కదానితో చేతులు కలిపింది. ఆ రోజు ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు తలుపు పక్కన పొడవాటి పగులు చూసింది. ఎవరికీ చెప్పలేదు.

జిగురుతో వచ్చిన చిక్కు ఇదే. అతుకు లోపల అంటుకుందో లేదో బయటికి తెలియదు. అల్ట్రాసౌండ్ పంపితే ఖాళీ ఉన్నచోట ప్రతిధ్వని వస్తుంది. ఖాళీ లేకుండా ఆనుకుని, అసలు పట్టులేని చోటును మాత్రం అది కనిపెట్టలేదు. ఎన్నికల ముందు ఫొటోకు చేతులు కలిపిన నాయకుల వంటి అతుకు అది. కాబట్టి నమ్మకమంతా అతకడానికి ముందు చేసే శుభ్రం మీదే. అలోహా ప్రమాదానికి ముందే, 1970లలో బోయింగ్ ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరెంటు పెట్టి పలకల మీద నురగలాంటి సూక్ష్మ రంధ్రాల ఆక్సైడును పెంచే పద్ధతి తెచ్చింది. జిగురు ఆ రంధ్రాల్లోకి వేళ్లూనుకుంటుంది. పరీక్ష కూడా సులభమైనదే పెట్టారు: అతికిన రెండు పట్టీల మధ్య చీలికలోకి ఒక మేకు దించి, వేడి తేమ గదిలో పెట్టి, చీలిక గంటకు ఎంత పాకిందో కొలుస్తారు. పొడి గాలిలో రాయిలా నిలిచిన అతుకు ఆ గదిలో ఒక్క పూటలో విడిపోవచ్చు. మన వానాకాలం అంటే అలాంటి గదే, నాలుగు నెలలు తలుపు వేసి ఉంచినట్టు.

ఇప్పుడు కొత్త తేలిక కార్లలో జిగురూ రివెట్టూ కలిపి వాడుతున్నారు, కొన్నిచోట్ల జిగురు మధ్యలోంచే స్పాట్ వెల్డింగ్ వేస్తున్నారు. ఉత్త స్పాట్ వెల్డింగ్ చుక్క చుట్టూ పలకల మధ్య పదునైన సందు ఉంటుంది, పగులు అక్కడే మొదలవుతుంది. జిగురు ఆ సందును పూడ్చి బరువు మోస్తుంది. జిగురు కొస లేవబోతే చుక్క పట్టుకుంటుంది. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారు చట్రమంతా అల్యూమినియం కమ్మీలను ఎపాక్సీతో అతికి, కొసలు లేవకుండా రివెట్లు కొట్టినదే. మన ఊరి శివార్లలో ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ బాడీలు, సి-130 విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి, అక్కడ ఇప్పటికీ రివెట్ల చప్పుడే ఎక్కువ. రివెట్టు పాతకాలపుదే, అయినా విప్పి చూడొచ్చు.

---

నిచ్చెన వంతు వచ్చింది. డెకరేషన్ అతను మళ్లీ అడిగాడు, పైన ఇంకో పూత వెల్డింగ్ వేయరాదా అని. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వేడి పెడితే ఇంకో అంగుళం మెత్తబడుతుంది, పగులు ఇక్కడి నుంచి అక్కడికి జరుగుతుంది అంతే అన్నాడు, అతని మాటల్లో. పట్టీ పెట్టి బోల్టులు బిగించరాదా అంటే, రంధ్రం వేయాలి గదా అన్నాడు.

కాసేపు నిచ్చెనను అటూ ఇటూ చూశాడు. సుద్దముక్కతో రెండో మెట్టుకు జానెడు పైన రెండు కమ్మీల మీదా గీత గీశాడు. కటింగ్ మిషన్ శబ్దం చేసింది. కింది రెండు మెట్లు విడిగా పడ్డాయి. వాటి అడుగున ఉన్న రబ్బరు బూట్లు పీకి కొత్త కొసలకు తొడిగాడు, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి బిగించాడు.

"గిట్లయితే పందిరి కొస అందదు ఉస్తాద్," అన్నాడు డెకరేషన్ అతను.

"బల్ల ఏస్కో అన్నా."

కోసిన ముక్క తూకానికి పోతుందని అతను పట్టుపట్టి తీసుకున్నాడు. పదకొండు మెట్ల నిచ్చెన ట్రాలీ ఎక్కి లాల్‌దర్వాజ వైపు కదిలింది.